స్టేషన్ హైపో: మిడ్వేకి ముందు ఆ బేస్‌మెంట్‌లో అసలేం చేసేవారు?

దారపుండ (#1)
1942 జూన్‌లో పసిఫిక్‌లో జపాన్, అమెరికా నౌకాదళాల మధ్య జరిగిన మిడ్వే యుద్ధం గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట: అమెరికన్లు జపాన్ కోడ్ ఛేదించారు, అందుకే గెలిచారు. ఛేదించడమంటే ఏంటి? సందేశం మొత్తం చదివేవారా, ముక్కలు ముక్కలుగానా? ఆ పని చేసిన స్టేషన్ హైపో, అంత మొనగాళ్ల యూనిట్, హవాయిలోని పెర్ల్ హార్బర్‌లోనే ఉంటే 1941 డిసెంబరు 7 దాడి ఎలా తెలియకుండా పోయింది? 'ఏఎఫ్‌లో మంచినీళ్లు లేవు' (ఏఎఫ్ అంటే జపాన్ సందేశాల్లో ఒక చోటికి పెట్టిన గుర్తు) కథ నిజమేనా, తర్వాత ఎవరైనా అల్లిందా? తెలిసినవాళ్లు కాస్త తీరిగ్గా రాయండి. లెక్కలున్నా పర్వాలేదు, చదువుతాను.

పాతపటం (#2)
ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం, లేకపోతే తర్వాత అన్నీ కలగాపులగం అవుతాయి. 'హైపో' అనేది అప్పటి అమెరికన్ నేవీ అక్షరాల పిలుపులో హెచ్. హవాయిలోని ఒవాహు దీవిలో హీయియా అనే చోట రేడియో కేంద్రం ఉండేది, దాని మొదటి అక్షరం. అలాగే ఫిలిప్పీన్స్‌లో కవీటే దగ్గర మొదలై తర్వాత కొరెహిదోర్ సొరంగంలోకి మారినది 'కాస్ట్'. వాషింగ్టన్ నేవీ డిపార్ట్‌మెంట్‌లోది 'నెగాట్'. ఈ మూడింటికీ పైన వాషింగ్టన్‌లో ఓపీ-20-జీ అనే విభాగం. దాన్ని నిలబెట్టిన మనిషి లారెన్స్ సాఫర్డ్.

హైపో పెర్ల్ హార్బర్‌లో 14వ నేవల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు భవనం కింద, కిటికీల్లేని బేస్‌మెంట్‌లో ఉండేది. 1941 మధ్యలో జోసెఫ్ రోష్‌ఫర్ట్ దాని బాధ్యత తీసుకున్నాడు. బయట బోర్డు మీద అనుమానం రాకుండా 'కంబాట్ ఇంటెలిజెన్స్ యూనిట్' అని పేరు పెట్టింది ఆయనే. లోపల ఏసీ ఎముకలు కొరికేంత చల్లగా ఉండేదట. ఆయన యూనిఫాం మీద స్మోకింగ్ జాకెట్, కాళ్లకి చెప్పులు వేసుకున్నది అందుకే. సినిమాల్లో చూపించినట్టు పిచ్చి మేధావి వేషం కాదది.

రోష్‌ఫర్ట్‌ని ఎందుకు ఎంచుకున్నారన్నది ముఖ్యం. గూఢలిపి తెలిసినవాళ్లు ఉన్నారు, జపనీస్ తెలిసినవాళ్లు ఉన్నారు, ఓడల మీద పనిచేసి నౌకాదళం ఎలా కదులుతుందో తెలిసినవాళ్లూ ఉన్నారు. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండటం అరుదు. ఆయన్ని 1929లో భాష నేర్చుకోమని జపాన్ పంపారు, మూడేళ్లు ఉన్నాడు. అదే ప్రయాణంలో ఎడ్విన్ లేటన్ పరిచయమయ్యాడు. 1942లో పసిఫిక్ నౌకాదళపతి నిమిట్జ్ దగ్గర ఇంటెలిజెన్స్ ఆఫీసర్ ఈ లేటనే. ఆ స్నేహం లేకపోతే బేస్‌మెంట్‌లో తేలిన విషయం పైఅంతస్తుకి అంత త్వరగా ఎక్కేది కాదు.

చుక్కగీత (#3)
కోడ్ దాకా వెళ్లేముందు, అసలు వినడం గురించి ఎవరూ మాట్లాడరు. అందరికీ గూఢలిపే కావాలి!

జపాన్ నేవీ మోర్స్ అంతర్జాతీయ మోర్స్ కాదు. కానా అనే జపనీస్ అక్షరాలకి వాళ్ల సొంత చుక్కలూ గీతలూ ఉంటాయి. అందుకని 1928 నుంచి 1941 వరకు వాషింగ్టన్‌లో నేవీ భవనం పైకప్పు మీద కట్టిన గదిలో రేడియో ఆపరేటర్లకి ఈ కానా మోర్స్ నేర్పారు. మొత్తం 176 మంది. 'ఆన్ ద రూఫ్ గ్యాంగ్' అని పేరు పడింది. కానా రాసుకోడానికి అండర్‌వుడ్ కంపెనీతో ప్రత్యేకంగా టైప్‌రైటర్లు చేయించారు.

సందేశం లోపలి భాగం ఐదేసి అంకెల గుంపులే కదా, కానా ఎందుకంటారా? తల భాగం ఉందిగా. ఎవరు పంపారు, ఎవరికి, ఎంత అత్యవసరం, ఎప్పుడు, మధ్యలో ఆపరేటర్లు "మళ్లీ పంపు, ఆ గుంపు అందలేదు" అనుకునే మాటలు, ఇవన్నీ కానాలో. హైపోకి సగం తిండి ఇక్కడే దొరికేది. దీన్నే ట్రాఫిక్ ఎనాలిసిస్ అంటారు. ఒక్క అక్షరం విప్పకుండానే ఎవరు ఎవరి కింద ఉన్నారో పటం గీయొచ్చు. నిన్నటిదాకా ఒక అడ్మిరల్‌తో మాట్లాడిన డిస్ట్రాయర్ల గుంపు ఇవాళ క్యారియర్ (విమానాలు మోసే ఓడ) కమాండర్‌కి జవాబులిస్తోందంటే, ఆ గుంపు చేతులు మారిందన్నమాట.

దీనికి తోడు దిశ పట్టడం. డచ్ హార్బర్, సమోవా, మిడ్వే లాంటి చోట్ల ఉన్న కేంద్రాలు ఒకే ప్రసారం ఏ దిక్కు నుంచి వస్తోందో కొలిచి పంపేవి. పటం మీద గీతలు గీస్తే కలిసే చోట ఓడ ఉండాలి. కాగితం మీద బాగుంటుంది. 2 డిగ్రీల తప్పు వస్తే 1,000 మైళ్ల దూరంలో 35 మైళ్లు పక్కకి పోతుంది. మూడు గీతలు ఒక చుక్కలో ఎప్పుడూ కలవవు, పెద్ద త్రికోణం వస్తుంది, ఓడ అందులో ఎక్కడో ఉంటుంది. పొద్దు వాలేటప్పుడూ తెల్లవారేటప్పుడూ రేడియో తరంగాలను తిప్పి పంపే పై గాలి పొర, అయనావరణం, మారిపోతూ ఉంటుంది, దిశ అటూ ఇటూ ఊగుతుంది. ఆ వేళల్లో తీసిన కొలతని సగమే నమ్మాలి.

దారపుండ (#4)
చాలా బాగుంది. ఇంత వింటున్నవాళ్లకి పెర్ల్ హార్బర్ మీద దాడికి వచ్చిన ఆరు క్యారియర్లు కదలడం ఎలా వినపడలేదు?

పాతపటం (#5)
అవి మాట్లాడలేదు కాబట్టి. ఇందులో కుట్ర వెతికేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, కారణాలు మామూలువే.

ఒకటి, క్యారియర్లు సొంత రేవుల దగ్గర ఉన్నప్పుడు తక్కువ శక్తితో మాట్లాడుకుంటాయి, ఆ ప్రసారం హవాయికి అందదు. అంతకుముందు కూడా అలా చప్పుడు లేకుండా పోయి, తర్వాత చూస్తే అవి ఇంట్లోనే ఉన్న సందర్భాలున్నాయి. కాబట్టి నిశ్శబ్దానికి రెండు అర్థాలు: రేవులో ఉన్నాయి, లేదా నోరు మూసుకుని సముద్రం మీద వస్తున్నాయి. రెండు, మామూలుగా ఆరు నెలలు నడిచే కాల్ సైన్లు (ఓడలు రేడియోలో వాడే పిలుపు పేర్లు) నవంబరు 1న మారాయి, మళ్లీ డిసెంబరు 1నే మారాయి. నెల తిరక్కుండా రెండోసారి మార్చారంటే ఏదో పెద్దది జరగబోతోందని హైపో తన నివేదికలో రాసింది కూడా. డిసెంబరు 2న అప్పటి నౌకాదళపతి కిమ్మెల్ "క్యారియర్లు ఎక్కడ?" అని అడిగితే లేటన్ దగ్గర జవాబు లేదు. అంటే డైమండ్ హెడ్ కొండ చుట్టూ తిరిగి వస్తున్నా నీకు తెలియదన్నమాట అని కిమ్మెల్ అన్నాడట. ఐదు రోజుల్లో దాదాపు అదే జరిగింది.

మూడోది అందరూ మర్చిపోయేది. అప్పటికి హైపోకి జపాన్ నౌకాదళపు ముఖ్యమైన కోడ్ జేఎన్-25 పని ఇవ్వనేలేదు! వాళ్లకి అప్పగించింది అడ్మిరల్స్ వాడే వేరే కోడ్. దాన్ని వాడిందే తక్కువ, చిక్కింది సున్నా. జేఎన్-25 మీద కొరెహిదోర్, వాషింగ్టన్ కూర్చున్నాయి. దాడి జరిగాక డిసెంబరు 10 ప్రాంతంలో హైపోకి అది ఇచ్చారు. దౌత్య సందేశాలు విప్పే పర్పుల్ యంత్రం కూడా పెర్ల్ హార్బర్‌లో లేదు. చేతికి తాళంచెవి ఇవ్వకుండా తలుపు ఎందుకు తీయలేదని అడిగితే ఎలా?

ఐదంకెలు (#6)
నా వంతు వచ్చింది. జేఎన్-25 రెండు పొరలు. కాగితం కలం పట్టుకోండి.

మొదటి పొర కోడ్‌బుక్. ఒక్కో మాటకి, ఊరి పేరుకి, అంకెకి ఐదంకెల గుంపు. 1940 డిసెంబరులో వచ్చిన 'బి' కూర్పులో ముప్పై వేలకి పైగా ఉన్నాయి. రెండో పొర ఇంకో పుస్తకం, దాని నిండా ఎలాంటి అర్థమూ లేని ఐదంకెల గుంపులు. దీన్ని అడిటివ్ పుస్తకం అందాం. పంపేవాడు అందులో ఎక్కడో ఒక చోట మొదలుపెట్టి, కోడ్ గుంపుకి అడిటివ్ గుంపు వరసగా కలుపుకుంటూ పోతాడు. ఎక్కడ మొదలుపెట్టాడో సూచించే గుంపు కూడా ముసుగు వేసి సందేశంలోనే పెడతాడు.

కలపడంలో ఒక మెలిక ఉంది, మిగులు అంకె పక్కకి పోదు. నేను కల్పించిన అంకెలతో చూడండి:

కోడ్ 24891
అడిటివ్ 57368
పంపేది 71159

4+7 = 11, అందులో 1 మాత్రమే రాస్తాం. 9+6 = 15, 5 రాస్తాం. విప్పేటప్పుడు అప్పు తెచ్చుకోకుండా తీసేయడమే.

ఇప్పుడు ఇంకో సందేశంలో 60417 అనే కోడ్ గుంపు పుస్తకంలో అదే చోట పడిందనుకోండి. 60417కి 57368 కలిపితే 17775 వెళ్తుంది. గాలిలో విన్నవాడికి 71159, 17775 మాత్రమే తెలుసు. ఒకదాన్లోంచి ఇంకోటి తీసేయండి: 64484. అసలు కోడ్ గుంపులు 24891లోంచి 60417 తీసేసినా అదే 64484! అడిటివ్ ఆవిరైపోయింది. అంటే ఒకే అడిటివ్ మీద రెండు సందేశాలు కూర్చోబెట్టగలిగితే, అడిటివ్ ఏదో తెలియకుండానే కోడ్ గుంపుల మధ్య తేడా చేతికొస్తుంది. తరచూ వచ్చే గుంపుల తేడాలు ముందే పట్టిక వేసి పెట్టుకుంటే, ఈ తేడా అందులో ఉందేమో చూసుకోవచ్చు.

ఇక జపాన్ వాళ్లు తమ కొంప తామే ముంచుకున్న సంగతి. కోడ్‌బుక్‌లో ప్రతి గుంపూ 3తో భాగించబడేలా పెట్టారు. 2+4+8+9+1 = 24. 6+0+4+1+7 = 18. రేడియోలో అంకె తప్పు పడితే అందుకున్నవాడు మొత్తం కూడి చూసి తప్పుందని కనిపెట్టాలని. మంచి ఉద్దేశమే. కానీ ఎదుటివాడికి అది పరీక్ష పత్రంతో పాటు జవాబులు కూడా ఇచ్చినట్టు. అడిటివ్ ఊహించి తీసేశాక వచ్చే గుంపులన్నీ 3తో పోతే ఊహ సరైనదే కావచ్చు, ఒక్కటి పోకపోయినా ఏదో తేడా ఉంది. తప్పు ఊహ ఒక గుంపు దగ్గర నెగ్గే అవకాశం మూడింట ఒకటి. ఆరు గుంపుల దగ్గర నెగ్గాలంటే 729లో ఒకటి. కాబట్టి ఒకే నిలువు వరసలో ఎన్ని సందేశాలు పేర్చగలిగితే అంత ధీమా.

చుక్కగీత (#7)
ఒక చిన్న చేర్పు. మోర్స్‌లో అంకెలు 1 నుంచి 0 దాకా ఒక్కో చుక్క, గీత మారుతూ పోతాయి. అందుకే తప్పు విన్నప్పుడు ఎక్కువగా పక్క అంకె పడుతుంది, 3 బదులు 4 లాగా. మొత్తం 1 మారుతుంది, 3తో పోదు, దొరికిపోతుంది. ఒక్క 9, 0 జంట మాత్రం జారిపోతుంది. నాలుగు గీతలు ఒక చుక్క బదులు ఐదు గీతలు వింటే మొత్తంలో తేడా 9, కాబట్టి పరీక్ష నెగ్గుతుంది.

ఐదంకెలు (#8)
అన్నా, సగం ఒప్పుకుంటా. నువ్వు చెప్పేది ముసుగు లేని గుంపుకి సరిపోతుంది. ఇక్కడ గాలిలో వెళ్లేది అడిటివ్ కలిపిన గుంపు. అందులో 9ని 0గా విన్నా, 3ని 4గా విన్నా, అడిటివ్ తీసేశాక అసలు కోడ్ అంకె ఒకటి పెరుగుతుంది, అంతే. ఆ అసలు అంకె 9 అయితేనే అది 0గా తిరిగి తేడా 9 అవుతుంది, పరీక్షకి చిక్కదు. జారిపోయేది విన్న 9 కాదు, లోపల దాగిన 9. అటువైపు తగ్గితే లోపలి 0.

చుక్కగీత (#9)
అవును, నాదే పొరపాటు. లోపలి అంకె ప్రకారమే.

గళ్లకాగితం (#10)
"ఒకే అడిటివ్ మీద రెండు సందేశాలు కూర్చోబెట్టగలిగితే" అని ఐదంకెలు గారు ఒక్క ముక్కలో దాటేశారు. నెలల తరబడి నడుం విరిగేది అక్కడే.

సూచక గుంపు ఇంకా విప్పనప్పుడు, ఏ సందేశం పుస్తకంలో ఎక్కడ మొదలైందో తెలియదు. రెండు సందేశాల్లో ఒకే ఐదంకెల గుంపు కనపడితే, ఒకే మాట ఒకే అడిటివ్ మీద పడిందేమో అనిపిస్తుంది. తొందరపడకూడదు. లక్ష గుంపులకి అవకాశం ఉంది కదా, వెయ్యి గుంపులు పోగేస్తే దాదాపు ఐదు లక్షల జంటలు, అంటే ఊరికే కాకతాళీయంగా కలిసేవే ఐదు. పది వేల గుంపులు పోగేస్తే అలాంటి ఉత్త కలయికలు 500. ఒక్క గుంపు కలిస్తే దానికి విలువ లేదు. రెండు గుంపులు రెండు సందేశాల్లోనూ అంతే ఎడంతో కలవాలి. మొదటి సందేశంలో 4వ గుంపు, 11వ గుంపు. రెండోదాన్లో 9వది, 16వది. ఎడం రెండు చోట్లా ఏడే. ఇలాంటి జోడీ దొరికితే పట్టుకున్నట్టే.

దీన్ని చేత్తో వెతికేవాడు మూడు రోజుల్లో కళ్లు పోగొట్టుకుంటాడు. అందుకే ఐబీఎం పంచ్‌కార్డు యంత్రాలు. ఈ యంత్రాల దారి వేసినవాడు థామస్ డయర్. ప్రతి గుంపుకీ ఒక కార్డు, దాని మీద ఆ గుంపు, ముందున్నది, వెనకున్నది, ఏ సందేశం, ఎన్నో స్థానం. సార్టర్‌లో వేసి అంకెల వరసన పెడితే ఒకేలాంటివన్నీ పక్కపక్కన వస్తాయి, టాబ్యులేటర్ అచ్చు వేసి ఇస్తుంది. ఐదంకెలు వరసన పెట్టాలంటే కట్ట మొత్తం ఐదుసార్లు యంత్రంలోంచి పోవాలి, కుడి చివరి అంకెతో మొదలుపెట్టి. మధ్యలో ఒక కట్ట కింద పడినా, ఒక గడి తప్పు పంచ్ చేసినా, ఆ కార్డు ఎక్కడో తప్పు వీధిలో కూర్చుంటుంది, మళ్లీ దొరకదు. నెలకి లక్షల కార్డులు. సముద్ర తీరపు చెమ్మకి అట్ట ఉబ్బితే యంత్రంలో ఇరుక్కుంటుంది, కాబట్టి ఆ చల్లగాలి మనుషుల కంటే కార్డులకే ఎక్కువ అవసరం అని నా అభిప్రాయం.

ఈ పనికి మనుషులు చాలకపోతే ఎవరొచ్చారో తెలుసా? డిసెంబరు 7న మునిగిన యుద్ధనౌక కాలిఫోర్నియా మీది బ్యాండు మేళంవాళ్లు. వాయిద్యాలు ఓడతో పోయాయి, చేతులు ఖాళీ. యంత్రాల దగ్గర పెడితే చాలా చక్కగా అందుకున్నారు.

మడతకాగితం (#11)
ఇంత చేసినా చదవగలిగింది ఎంత?

గళ్లకాగితం (#12)
1942 మే నాటికి ఒక సందేశంలో పది, పదిహేను శాతం గుంపులు. ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి ఏమీ లేదు. అడిటివ్ తీసేశాక కూడా మిగిలేది కోడ్ గుంపే, దాని అర్థం వేరే కథ. 24891 అంటే 'ఇంధనం' అని ఎవరూ చెప్పరు, అది కనపడ్డ చోట్లన్నీ పక్కపక్కన పెట్టి, ముందూ వెనకా చూసి తేల్చాలి. ఇక్కడ రోష్‌ఫర్ట్ జ్ఞాపకశక్తి, ఫినెగన్, లాస్‌వెల్ లాంటి భాష తెలిసినవాళ్ల ఊహ. పరుచుకున్నదంతా ఖాళీలే, మధ్యలో 'క్యారియర్', 'ఏఎఫ్', 'ఇంధనం', 'చేరవలెను'. మిగతాది చుక్కగీత గారు చెప్పిన తల భాగం నుంచి పూరించుకోవాలి. అందుకే 'కోడ్ ఛేదించారు' అనే మాట నాకు ఎప్పుడూ నచ్చదు. పగిలిన కుండ పెంకులు పేర్చి కుండ ఎంత పెద్దదో చెప్పడం ఇది.

పాతపటం (#13)
ఏఎఫ్ కథకి వద్దాం. నిజమే, కానీ సగం తప్పుగా చెప్తుంటారు.

జపాన్ వాళ్లు చోట్లకి అక్షరాల జంటలు పెట్టారు. 1942 మార్చి మొదట్లో వాళ్ల పెద్ద సీప్లేన్లు హవాయి దీవుల వరసలోని ఫ్రెంచ్ ఫ్రిగేట్ షోల్స్ దగ్గర ఇంధనం పోసుకుని ఒవాహు మీదికి వచ్చాయి. ఆ సందర్భంగా పోయిన సందేశాల్లో 'ఏ'తో మొదలయ్యే జంటలన్నీ హవాయి చుట్టుపక్కలవేనని తెలిసింది. ఏఎఫ్ మిడ్వే అని రోష్‌ఫర్ట్ అప్పటి నుంచే అంటున్నాడు. వాషింగ్టన్ నమ్మలేదు. ఒకరు జాన్‌స్టన్ దీవి, ఒకరు అలాస్కా దగ్గరి అలూషియన్ దీవులు, ఇంకొకరు ఏకంగా అమెరికా పశ్చిమ తీరం.

మే మూడో వారంలో యూనిట్‌లోని జాస్పర్ హోమ్స్ ఉపాయం చెప్పాడు. నేవీ నుంచి అనారోగ్యంతో రిటైరై, హవాయి విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ బోధిస్తుండగా మళ్లీ పిలిపించిన మనిషి. మిడ్వేలో తాగునీటికి సముద్రపు నీటిని శుద్ధి చేసే యంత్రమే దిక్కని ఆయనకి తెలుసు. ఆదేశం సముద్రం అడుగు కేబుల్ మీద వెళ్లింది, దాన్ని ఎవరూ వినలేరు. మిడ్వే మాత్రం రేడియోలో, ముసుగు లేని ఇంగ్లిష్‌లో, నీటి యంత్రం చెడిపోయిందని పంపింది. ఒకట్రెండు రోజుల్లో జపాన్ వాళ్ల శ్రవణ కేంద్రం ఏఎఫ్‌లో మంచినీటికి కొరత అని పైకి చెప్పింది.

తప్పుగా చెప్పేదేంటంటే, ఏఎఫ్ ఏదో కనుక్కోడానికి ఈ ఎత్తు వేశారని. రోష్‌ఫర్ట్‌కి ముందే నమ్మకం. ఎత్తు వేసింది టోక్యో మీద, గురి వాషింగ్టన్ మీద. జపాన్ సందేశం దొరికాక కూడా హైపో ఎగిరి గంతేయకుండా, ఆ ముక్క వేరే కేంద్రాల నుంచి వాషింగ్టన్‌కి చేరనిచ్చింది. తమ నోటితో చెప్తే మళ్లీ అనుమానిస్తారని.

మడతకాగితం (#14)
ఇంత తెలివితేటలున్నా, ఆ సమయానికి జపాన్ కోడ్ మార్చేసి ఉంటే అంతా వట్టిదే కదా? అదృష్టం పాలు ఎంత?

ఐదంకెలు (#15)
పెద్ద పాలే. కొత్త పుస్తకాలు ఏప్రిల్ 1న అమల్లోకి రావాలి. మే 1కి వాయిదా పడింది, చివరికి మే ఆఖరి వారంలో గానీ మారలేదు. కారణం చాలా మామూలుది, పుస్తకాలు చేరవేయడం. ఆరు నెలల్లో వాళ్ల సామ్రాజ్యం సగం పసిఫిక్‌కి పాకింది. ప్రతి ఓడకీ ప్రతి దీవికీ రహస్య పుస్తకం చేతికి అందించాలి, సగానికి చేరి సగానికి చేరకుండా మారిస్తే నౌకాదళం తమలో తాము మాట్లాడుకోలేదు. ఆ రెండు నెలల ఆలస్యంలోనే మిడ్వే ఆదేశాలన్నీ పాత పుస్తకంలో వెళ్లాయి.

తేదీలకి మాత్రం లోపల ఇంకో చిన్న సైఫర్ ఉండేది. నెలలకి 12, రోజులకి 31 చొప్పున గీసిన పట్టిక. దొరికిన నమూనాలు అతి తక్కువ, అందుకే ఎవరూ అంతదాకా దాని జోలికి పోలేదు. ఫినెగన్, వెస్లీ రైట్ అనే ఇంకో అధికారి రాత్రంతా కూర్చుని దాన్ని విప్పారు. అలూషియన్ల మీద జూన్ 3, మిడ్వే మీద జూన్ 4 అని తేలింది. అంతకుముందు వాషింగ్టన్ అంచనా జూన్ మధ్యకి నడుస్తోంది. పది రోజులు తేడా వస్తే అమెరికా క్యారియర్లు యార్క్‌టౌన్, ఎంటర్‌ప్రైజ్, హార్నెట్ సరైన చోట ఉండేవే కావు.

పాతపటం (#16)
అంచనా సంగతి కూడా చెప్పాలి. నిమిట్జ్ లేటన్‌ని వదల్లేదు, ఖచ్చితంగా చెప్పు అన్నాడు. లేటన్ చెప్పింది: మిడ్వే నుంచి 325 డిగ్రీల దిశలో, 175 మైళ్ల దూరంలో, ఉదయం 6 గంటలకి కనపడతారు. జూన్ 4 ఉదయం గస్తీ విమానం నుంచి వచ్చిన కబురు 320 డిగ్రీలు, 180 మైళ్లు. ఐదు డిగ్రీలు, ఐదు మైళ్లు, ఐదు నిమిషాలే తప్పావు అని నిమిట్జ్ అన్నాడు. ఇది ఏ ఒక్క సందేశంలోనూ రాసి లేదు. బయలుదేరే తేదీ, వేగం, విమానం లేపడానికి వెలుగు ఎప్పుడు వస్తుంది, గాలి ఎటు, వీటి నుంచి కట్టిన లెక్క. ఆ యుద్ధంలో జపాన్ క్యారియర్లు అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ నాలుగూ పోయాయి. అమెరికాకి యార్క్‌టౌన్ పోయింది.

దారపుండ (#17)
తర్వాత రోష్‌ఫర్ట్‌కి సన్మానమేనా?

పాతపటం (#18)
1942 అక్టోబరులో పీకేశారు. వాషింగ్టన్‌లో ఓపీ-20-జీ పగ్గాలు అప్పటికి వేరేవాళ్ల చేతికి పోయాయి, వాళ్ల అంచనా తప్పింది, ఈయన నోరు కూడా మెత్తనిది కాదు. కోడ్ విప్పినవాణ్ని ఓడలు బాగుచేసే తేలియాడే డ్రైడాక్ కమాండ్‌కి పంపారు. నిమిట్జ్ సిఫారసు చేసిన పతకాన్ని నేవీ అధిపతి కింగ్ ఆపేశాడు. రోష్‌ఫర్ట్ 1976లో పోయాడు, పతకం 1986లో వచ్చింది.

యూనిట్ మాత్రం గాగిన్స్ అనే అధికారి చేతికి వెళ్లి, ఫ్లీట్ రేడియో యూనిట్ పసిఫిక్ అనే పేరుతో పెద్దదైంది. 1943 ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళపతి యమమోటో తనిఖీ ప్రయాణం వివరాలు లాస్‌వెల్ బల్ల మీదికి వచ్చాయి, 18న పి-38 అనే అమెరికా యుద్ధ విమానాలు ఆయన విమానాన్ని బూగన్‌విల్ దీవి మీద కూల్చాయి.

చుక్కగీత (#19)
నన్నడిగితే యుద్ధాన్ని తినేసింది యమమోటో సందేశం కాదు, సరుకు ఓడల కోడ్. 1942 చివర్లో విప్పారు. ఆ ఓడల గుంపులు ఏ రోజు మధ్యాహ్నం ఎక్కడ ఉంటాయో ముందుగానే రేవులకి రేడియోలో చెప్పేవి. అక్షాంశం, రేఖాంశం, టైము! హోమ్స్ అది తీసుకెళ్లి సబ్‌మెరైన్ దళం ఆపరేషన్స్ ఆఫీసర్‌కి స్వయంగా అందించేవాడు. మొదట్లో కాగితం మీద పెట్టకుండా అరచేతిలో సిరాతో రాసుకుని వెళ్లి, చెప్పేసి, చెయ్యి కడుక్కునేవాడట.

అన్నీ నెగ్గారనుకోకండి. మే చివర పుస్తకం మారాక నెలల పాటు మళ్లీ చీకటే. ఆగస్టు 9న సోలమన్ దీవుల్లోని సావో దగ్గర జపాన్ అడ్మిరల్ మికావా నాలుగు క్రూజర్లు ముంచేశాడు, అంతకుముందు ఆయన పంపిన సందేశం చేతికి దొరికింది గానీ విప్పేసరికి యుద్ధమైపోయింది. విన్నది వేరు, సమయానికి చదివింది వేరు.

ఐదంకెలు (#20)
ఎవరికైనా చెయ్యి తిప్పాలనుందా? ఒకే నిలువు వరసలో మూడు సందేశాల గుంపులు ఇవి, నేనే చేశాను:

52397
98913
43439

ఈ మూడింటి మీదా ఒకే అడిటివ్ ఉంది. 60417 తరచూ వచ్చే కోడ్ గుంపు, వీటిలో ఒకదాని కింద అది దాక్కుంది. ఏదాని కింద?

మడతకాగితం (#21)
మొదటిదాని కింద. 52397లోంచి 60417 తీస్తే అడిటివ్ 92980. రెండోదాన్లోంచి అది తీస్తే 06033, మొత్తం 12, 3తో పోతోంది. ఇంతేనా?

ఐదంకెలు (#22)
మూడోది చూశారా?

దారపుండ (#23)
నేను చూశాను. 43439లోంచి 92980 తీస్తే 51559, మొత్తం 25. పోదు. కాబట్టి మొదటిది కాదు. మూడోదాని కింద అనుకుంటే అడిటివ్ 83022, మొదటిది 79375 అవుతుంది, మొత్తం 31, అదీ కాదు. రెండోదాని కింద పెడితే 38506. అప్పుడు మొదటిది 24891, మూడోది 15933. 24, 21, రెండూ పోతున్నాయి.

ఐదంకెలు (#24)
38506 సరే. మడతకాగితం గారు పడ్డ గోతిలో చాలామంది పడతారు. రెండు గుంపులే ఉంటే మీ జవాబు తప్పని ఎవరూ చెప్పలేకపోయేవారు, 92980 అడిటివ్ పట్టికలోకి ఎక్కేసేది. ఆ తర్వాత ఆ చోట కూర్చున్న ప్రతి సందేశమూ తప్పే విప్పుతారు. అందుకే పట్టికలో పెన్సిలుతో రాయాలి. మూడు గుంపులతో నెగ్గినది కూడా నిజానికి పెన్సిలే, తప్పు ఊహ రెండు పరీక్షలూ దాటే అవకాశం ఇంకా తొమ్మిదింట ఒకటి ఉంది.